చిలకచేప మీద నింద

సోమవారం. నీరు వేడి. అల లేదు.

పొద్దున్నే పందిరి వేశాం. పడవకి ఇద్దరం చొప్పున గుడ్డ అంచులు పట్టుకుని, పగడాల గట్టు మీదుగా లాగి, తేలే బొంగులకి కట్టేసరికి ఎండ మెడ మీదకొచ్చింది. కింద పగడాలకి నీడ, పైన మాకు ఎండ. వేసవి నాలుగు నెలలూ ఈ దీవిలో ఇదే పని. పగడానికి పొద్దుటి వెలుగు కావాలి, సాయంత్రపు వెలుగు కావాలి, మధ్యాహ్నం మాత్రం పనికిరాదు. బాలింతని చూసుకున్నట్టు చూసుకోవాలి. గట్టు పోతే అలని ఆపేది ఇంకేమీ లేదు. పెద్దనీరు వచ్చినప్పుడు తీరంలో ఊళ్లు ఎలా పోయాయో ఇక్కడి ముసలివాళ్లు చూసినవాళ్లే.

ఈ ఏడు గుడ్డ చాలలేదు. కిందటి తుపాను సగం చింపేసింది. కొత్తది సరుకుల ఓడ మీద రావాలి. మా ఆయన ఆ ఓడ మీదే పని చేస్తాడు. ఆయనా రాలేదు, గుడ్డా రాలేదు. గట్టుకి వైద్యురాలిని నేనే కాబట్టి, ఏ పగడానికి నీడ, ఏ పగడం ఎండలో అన్నది నేనే చెప్పాల్సి వచ్చింది. అలకి ఎదురుగా ఉన్నవాటికి ముందు ఇమ్మన్నాను. తర్వాత, చనిపోయినవాళ్ల పేరు మోసే పగడాలకి. ఆ తర్వాత పిల్లలవాటికి, ఉన్నంతవరకు. చివర్లో ఒక ముక్క మిగిలింది. దాన్ని కొంచెం పక్కకి లాగితే నా కూతురు తరళ పగడానికి అందేది. నేను లాగనివ్వలేదు. మా దీవి పెద్ద దానయ్య గారు అది చూసి సభలో అందరి ముందూ అన్నారు, డాక్టరమ్మ సొంత కూతురి పగడానికి కూడా గుడ్డ ఉంచుకోలేదని. నాకు బాగానే అనిపించింది. ఆ మాట కోసమే ఆ పని చేశానా అని ఇవాళ అనిపిస్తోంది.

ఎందుకంటే ఇవాళ కిందికి వెళ్లి తరళ పగడాన్ని చూశాను. కిందటి వారం తెల్లగా ఉంది. తెల్లబడిన పగడం బతికే ఉంటుంది, ఆకలితో. ఇవాళ దాని మీద సన్నగా పచ్చని నాచు పట్టింది. నాచు పట్టిందంటే అయిపోయినట్టే.

తరళ దాన్ని ఎప్పుడూ చూడలేదు. బిడ్డకి పేరు పెట్టిన రోజున బొటనవేలంత పగడం ముక్కని గట్టుకి కట్టి, ఆ పేరే దానికీ పెడతారు ఇక్కడ. మొదట్లో పగడాలకి అంకెలు వేశారట. అంకెలున్నవాటిని ఎవరూ తోమలేదు. పేర్లు పెట్టాక తోమారు. బిడ్డ పెద్దయ్యేదాకా తల్లిదండ్రులే చూసుకోవాలి. వీపుకి తగిలించుకునే మొప్పసంచి నీళ్లలోంచి గాలి లాగి ఇస్తుంది కానీ, చిన్నపిల్లల ఊపిరికి అది పడదు. పదహారు నిండాలి.

అందుకని ఇన్నేళ్లూ నేను చూసి వచ్చి చెప్పేదాన్ని. సాయంత్రం మొప్పసంచిని మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెడుతుంటే తరళ పక్కన కూర్చునేది. ఎంత పెరిగింది, ఎన్ని కొమ్మలు, చుట్టూ ఏ చేపలు. తేనెరంగు ఒళ్లు, కొమ్మల చివర నీలం. ఆ నీలం గురించి ఎన్నిసార్లు చెప్పించుకుందో.

ఇవాళా కూర్చుంది. ఎలా ఉందమ్మా అంది.

బాగుంది అన్నాను.

బుధవారం. నీరు వేడి.

దానయ్య గారు వచ్చారు. తరళకి పదహారు నిండాయి కాబట్టి, తొలి మబ్బు పట్టాక వచ్చే పౌర్ణమికి తొలిచూపు పెట్టుకుందామన్నారు. తల్లి చెయ్యి పట్టుకుని కిందికి దిగి, తన పేరు మోసే పగడాన్ని మొదటిసారి చూడడం. పైన పడవలన్నీ కాచుకుని ఉంటాయి. ఆ రోజు దాటితే పిల్ల గట్టుకాపరి అవ్వచ్చు. తరళకి చిన్నప్పటినుంచీ అదే కోరిక.

ఆయన వెళ్లాక అది మొప్పసంచి తగిలించుకుని లోతులేని మడుగులో సాధన చేసింది. నేను గట్టున కూర్చుని చూశాను. చక్కగా దిగింది. చేతులు ఆడించకుండా, తొందర లేకుండా.

పగడం ఎండిపోయినవాళ్లని ఇక్కడ ఎండుపేరు అంటారు. చేపలు ఆరబెట్టే చోట గౌరి అని ఒకావిడ ఉంది. ఎండు గౌరి. అలా ఎందుకంటారో పిలిచేవాళ్లలో సగం మందికి తెలీదు. నవ్వుతూనే పిలుస్తారు, ఆమే నవ్వుతూనే పలుకుతుంది. కానీ ఆమెతో ఒకే తాడుకి కట్టుకుని కిందికి దిగడానికి ఎవరూ ఒప్పుకోలేదు ఇన్నేళ్లలో. జత దొరకనివాళ్లు కాపరులు కాలేరు. నేను కొండమీది విశ్వవిద్యాలయంలో చదువుకుని వచ్చినదాన్ని. ఇది మూఢనమ్మకమని పెళ్లయి వచ్చిన కొత్తలో వాదించాను కూడా. గౌరితో జతకి నేను దిగుతానని మాత్రం అనలేదు. ఆ సంగతి ఇవాళే తట్టింది.

తరళని ఎండు తరళ అంటారన్న భయం ఒకటి. డాక్టరమ్మ సొంత కూతురి పగడాన్నే బతికించుకోలేదంటారన్న భయం ఇంకొకటి. ఏది ముందు కలిగిందో ఇక్కడ రాయను.

శుక్రవారం. నీరు వేడి, లోపల కొంచెం ఒరవడి.

చేశాను.

చచ్చిపోయినదాని చోట ఇంకో ముక్క కట్టాలంటే అదే జాతి కావాలి. అదే రంగు కావాలి. నీలం చివరలు లేకపోతే తరళ దిగిన క్షణమే అడుగుతుంది. గట్టు అంతా వెతికాను. ఈ వేసవికి నీలం నిలిచిన కొమ్ముల పగడం ఒక్కటే ఉంది. ఒరవడి వచ్చే సందులో, ఎల్లాజీది.

ఎల్లాజీ సూరాడ పోలమ్మ కొడుకు. రెండు తుపాన్ల కిందట, తెగిపోతున్న పందిరి కట్టడానికి వెళ్లి తిరిగి రాలేదు. ఒళ్లు దొరకలేదు. కర్మకాండ అంతా ఆ పగడం దగ్గరే చేసింది పోలమ్మ. ప్రతి శనివారం దిగి మెత్తని కుంచెతో తోమి వస్తుంది.

బతికున్నవాళ్ల పగడం నుంచి ముక్క కావాలంటే అడిగి తీసుకోవచ్చు. పోయినవాళ్ల దాని మీద కత్తి పెట్టరు. ఎవరో రాసిన నియమం కాదిది. పెట్టిన మనిషి ఇంతవరకు లేదు కాబట్టి నియమం అవసరం పడలేదు.

మిట్టమధ్యాహ్నం దిగాను, అందరూ ఒడ్డున ఉండే వేళ. వేడినీళ్లలో గాలి తక్కువ. మొప్పసంచి లాగుతుంది, లాగుతుంది, సగం ఊపిరే ఇస్తుంది. తొందరపడకూడదు. పోలమ్మ తోమేటప్పుడు ఎటు నిలబడుతుందో నాకు తెలుసు. అటు కాకుండా వెనకవైపు, రాతి నీడలో ఉన్న మంచి కొమ్మ చూసుకున్నాను. కోసినప్పుడు వచ్చిన చప్పుడు పెద్దది. నీళ్లలో చప్పుడు చాలా దూరం పోతుంది. ఒక చేపల గుంపు ఒక్కసారిగా పక్కకి తిరిగింది.

తరళ చోటికి తెచ్చి, ఎండిపోయినదాన్ని పెరికి, దీన్ని కట్టాను. పేరు చెక్కిన బిళ్ల కదిలించాల్సిన పని పడలేదు. ముడి బాగా కుదిరింది. నా చేతులు అంత కుదురుగా ఉండడం నాకే ఆశ్చర్యంగా ఉంది.

తెగిన చోట మందుమట్టి మెత్తాను. ఏ రోగికైనా అదే చేస్తాను.

మంగళవారం. నీరు వేడి. మబ్బు జాడ లేదు.

పోలమ్మప్ప వచ్చింది. ఇక్కడ అక్కని అప్ప అంటారు. నాకంటే పదేళ్లు పెద్ద, వచ్చిన నాటినుంచీ అలాగే పిలుస్తున్నాను. గుమ్మం దగ్గరే నిలబడి, ఎల్లాజీకి వెనకవైపు తెల్లమచ్చ పడిందని, ఒకసారి వచ్చి చూడమని అడిగింది. ఎల్లాజీకి అంది. ఎల్లాజీ పగడానికి అనదు ఆమె.

ఇద్దరం దిగాం. ఆమె మొప్పసంచి పాతది, అంచులు అరిగిపోయాయి. నా మోచెయ్యి పట్టుకుని, రాయి చుట్టూ తిప్పి, నేను కోసిన చోటే చూపించింది. కోత దగ్గర మొదలై ఒక తెల్లటి గీత కొమ్మల మొదలు వైపు పాకుతోంది. దాని వెనక చర్మం ఊడిపోయి ఎముకలా ఉంది. ఈ రోగం నాకు తెలుసు. వేసవిలో గాయం తగిలితే వస్తుంది. వేసవిలో గాయం చెయ్యకూడదని ఏటా కాపరులకి పాఠం చెప్పేదాన్ని నేను.

పైకి వచ్చాక ఆమె నా ముఖంలోకి చూస్తూ ఏమయిందని అడిగింది. నాకు అప్పుడు నిజం చెప్పే వీలుంది. పడవలో ఇద్దరమే ఉన్నాం.

చిలకచేప కొరికినట్టుందన్నాను.

నమ్మింది. ఎందుకు నమ్మదు? చిలకచేపలు పగడాన్ని కొరుకుతాయి. ఆ ముక్కు చూస్తేనే తెలుస్తుంది. కానీ అవి కొరికేది ఎక్కువగా నాచు పట్టిన చోటే. గట్టుని శుభ్రంగా ఉంచేవే అవి. అది చెప్పాల్సింది కూడా నేనే.

ఆదివారం. నీరు ఇంకా వేడెక్కింది.

పోలమ్మప్ప కాపలా కాస్తోంది.

చిలకచేపలు మేతకి వచ్చేది ఎండ బాగా ఉన్నప్పుడు. అందుకని రోజూ అదే వేళకి దిగి, కొడుకు పక్కన రాయి పట్టుకుని కూర్చుంటోందట. చేతిలో వెదురు బల్లెం. దీవి అంతా నవ్వుకుంటోంది. నిన్న రాట్నపు బావి దగ్గర ఆడవాళ్లు, పోలమ్మ చేపతో పగ పట్టిందని, ఆ చేపకీ ఈమెకీ పూర్వజన్మలో సరిహద్దు తగాదా ఉండుంటుందని అంటుంటే నేనూ అక్కడే ఉన్నాను. నా బిందె నిండింది. ఎత్తుకుని వచ్చేశాను.

ఆమెని ఆపడానికి వెళ్లాను. వేడినీళ్లలో అంతసేపు ఉండకూడదని, గాలి చాలదని, ఆ పాత సంచి అసలు నమ్మకూడదని డాక్టరులాగే చెప్పాను. పెదవులు నల్లబడి ఉన్నాయి అప్పటికే. అంతా విని, నాకు గంజి పోసింది.

"నీ కూతురి నెత్తి మీద కాకి పొడుస్తా ఉంటే నువ్వు నీడన కూకుంటావేటి డాక్టరమ్మా," అంది.

గంజి తాగాను. పూర్తిగా తాగాను, అది కూడా రాస్తున్నాను.

గురువారం.

గీత ఆగడం లేదు. మూడుసార్లు మట్టి మెత్తాను. కొసన బతికున్న కొమ్మలు రెండు మూడు మిగిలాయి. ఇలా పోతే ఎల్లాజీ నిలబడడు.

తరళ చోట కట్టిన కొమ్మ మాత్రం పట్టుకుంది. రాతి మీదకి చర్మం పాకి అంటుకుంది. చివరన కొత్త మొగ్గలు. నీలం.

అంటే ఎల్లాజీ ఇక మిగిలేది అక్కడే, నా కూతురి పేరు కింద. ఇంకొన్నాళ్లు నోరు మూసుకుంటే పోలమ్మకి కొడుకు రెండోసారి పోతాడు. రెండోసారీ ఒళ్లు దొరకదు. అది నా దగ్గర ఉంటుంది.

చాటుగా ఒక చిన్న ముక్క తీసుకెళ్లి వెనక్కి కట్టేద్దామా అని కూడా ఆలోచించాను. రాత్రి పగలు ఆలోచించాను. దొంగిలించినట్టే తిరిగి పెట్టేయడం. కానీ రోగం ఉన్న రాతికి కడితే అదీ పోతుంది. నాకు తెలివైన దారులు తోచినప్పుడల్లా అవన్నీ నన్ను ఎవరూ చూడని దారులే కావడం గమనించాను.

నిన్న పోలమ్మప్ప ఒక చిలకచేపని పొడిచింది. గుమ్మం ముందు వేలాడదీసింది, మిగతావాటికి తెలియాలని. నీళ్లలో ఉండేవాటికి ఒడ్డు మీద వేలాడదీసింది ఎలా తెలుస్తుందని పిల్లలు నవ్వుతుంటే, తరళ కూడా నవ్వింది.

శనివారం. మబ్బు పట్టింది. నీరు అంతే వేడి.

మధ్యాహ్నం పడవ వేసుకుని వెళ్లాను. పోలమ్మప్ప పడవ ఖాళీగా తేలుతోంది. దిగాను.

రాయి దగ్గర కూర్చునే ఉంది. బల్లెం కింద పడిపోయింది. తల ఒకవైపుకి వాలి, ఒరవడితో పాటు మెల్లగా ఊగుతోంది. చుట్టూ చేపలు, మామూలుగా. నా సంచి గొట్టం తీసి ఆమె నోట్లో పెట్టి, చంక కింద చెయ్యి వేసి పైకి లాగాను. ఒక ఊపిరి ఆమెకి, ఒక ఊపిరి నాకు. ఆమె పడవలోకే ఎలా ఎక్కించానో గుర్తులేదు. వీపు మీద చరిచాను, నీళ్లు కక్కింది, చాలాసేపు దగ్గింది.

కళ్లు తెరిచి ముందు అన్న మాట: "ఆ సేప మల్లీ ఒచ్చినాది డాక్టరమ్మా. పొడవనేకపోనాను."

"చేప కాదు పోలమ్మప్పా. నేను."

అర్థం కాలేదు ఆమెకి. మళ్లీ చెప్పాను. తరళది చచ్చిపోయిందని, ఆ చోట కట్టడానికి ఎల్లాజీ కొమ్మ నేను కోశానని, ఆ గాయం నుంచే రోగం పట్టిందని. చేపని నేను కల్పించానని. చెబుతున్నంతసేపూ ఆమె నా నోటివైపు చూసింది, చెవిటివాళ్లు చూసినట్టు.

పడవ కిందినుంచి అల ఒకటి పోయింది. అప్పుడు అడిగింది:

"ఎక్కడెట్టినావు ఆడిని?"

"తరళ చోట."

"బతికున్నాడా?"

"ఉన్నాడు. కొత్త మొగ్గలేశాడు."

ఆడు అన్నది నా నోట కూడా అప్పుడే వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి.

ఆమె ఏడవలేదు. తల తుడుచుకుంది, కొంగు పిండుకుంది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేదనుకున్నాను, అదీ నా తేలిక కోసమే.

"ఆ సేపని సంపీనాను గదే," అంది. డాక్టరమ్మా అనలేదు. "ఏ పాపం ఎరగదు. గుమ్మానికేలాడగట్టీనాను." నా వైపు తిరక్కుండానే, "నువ్వడిగినా ఇచ్చీదాన్ని కాదు. అది నిజిం. నాను ఇయ్యను. కానీ నువ్వు అడగనేదు."

తెడ్డు నేను వేస్తానంటే వద్దంది. తనే వేసుకుంది. నా పడవ వెనక తాడుతో తేలుతూ వచ్చింది. ఒడ్డు కనబడుతుండగా ఇంకొక్క మాట అంది. పిల్లకి నువ్వే చెప్పాలి, నేను చెబితే నన్ను తిట్టుకుంటుంది, తిట్టుకోవలసింది నిన్ను.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ.

చెప్పాను.

తరళ ఏడుస్తుందనుకున్నాను. పగడం పోయిందనీ, తొలిచూపు పోతుందనీ, ఎండుపేరు అంటారనీ. అవేవీ కాదు.

"నాదానికి నీలం చివరలు నిజంగా ఉండేవా?" అంది.

ఉండేవన్నాను. ప్రతి మాటా నిజమేనన్నాను. కొమ్మల లెక్క, కొమ్మల సందున గుడ్లు పెట్టిన పసుపు చేప, ఒక ఏడు పీత వచ్చి కాపురం పెట్టడం, అన్నీ. కొత్తగా నీలం వేసిన రోజు నేను కిందే ఉండి చూసి, ఊపిరి మరిచిపోయానని.

"ఏమో," అంది. "ఎలా నమ్మమంటావు?"

చూపించడానికి ఏమీ లేదు. చచ్చినదాన్ని పెరికి లోతులోకి పారేసింది నేనే. పదహారేళ్లలో నేను అబద్ధం చెప్పింది ఒక్క వేసవే. అది మిగతా ఏళ్లన్నిటినీ తినేసింది.

తర్వాత ఇంకోటి అంది, నెమ్మదిగానే. "ఎండుపేరయితే ఎండకి పోయిందనుకునేదాన్ని అమ్మా. నా ఒక్కదానిదే అయ్యేది. ఇప్పుడు నువ్వు చేసింది నాకంటుకుంది."

లేచి పోలమ్మ ఇంటికి వెళ్లింది. నేను మొప్పసంచి కడుగుతూ కూర్చున్నాను. అప్పటికే కడిగేశానని తర్వాత తెలిసింది.

పౌర్ణమి. చినుకులు. నీరు చల్లబడుతోంది.

తొలిచూపు ఆపేద్దామని దానయ్య గారి దగ్గరకి వెళ్లాను. ఆపొద్దని తరళ చెప్పించిందట అప్పటికే. ఆయన నాతో ఎక్కువ మాట్లాడలేదు. పడవల ముందు నువ్వే చెప్పాలమ్మా, మేము చెప్పకూడదు అన్నారంతే.

పడవలన్నీ వచ్చాయి. చినుకు పడుతున్నా ఎవరూ గొడుగు వేసుకోలేదు. నేను లేచి నిలబడ్డాను. చదువుకున్నవాళ్ల మాటలు వచ్చాయి మొదట. పరిస్థితులు, వేసవి తీవ్రత, అలాంటివి. మధ్యలో ఆపేసి, మామూలుగా చెప్పాను. తరళ చోట ఉన్నది ఎల్లాజీ. కోసింది నేను. చేప కాదు.

ఎక్కడో వెనక పడవలోంచి ఒకావిడ పక్కావిడతో అంటున్నట్టే, అందరికీ వినిపించేలా అంది: "గుడ్డ ఒగ్గేసినప్పుడే అనుకున్నాను, అంత మంచితనం ఎక్కడిదని." ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేను. ఆ ప్రశ్న నన్ను నేను వేసుకున్నదే.

తల్లి చెయ్యి పట్టుకుని దిగాలి. తరళ పోలమ్మప్ప పడవలోంచి దిగింది, ఆమె చెయ్యి పట్టుకుని. పోలమ్మప్పకి నా సంచి ఇచ్చి పంపాను. తీసుకుంది. వాళ్లిద్దరి జుట్టు నీళ్లలో విచ్చుకుని, చినుకుల వలయాల కింద మసకబారి, కనబడకుండా పోయింది. కింద ఏం చూశారో, ఎవరు ఎవరికి ఏం చూపించారో నాకు తెలీదు. నేను చూడకుండా ఇంకొకరు చూసి వస్తే వినాల్సిన వంతు నాది. ఎవరూ చెప్పలేదు.

పైకి వచ్చాక పోలమ్మప్ప దానయ్య గారితో, పడవల వైపు తిరిగి, "నా కొడుకుని సూసినాది. బాగున్నాడు," అంది. తరళ గురించి ఇంకేమీ అనలేదు. తరళ ఆమె పడవలోకే ఎక్కింది.

బిళ్ల మార్చే పని నాదే అన్నారు. పడవలు వెళ్లాక దిగి తరళ పేరున్నది విప్పి, ఎల్లాజీ పేరున్నది కట్టాను.

సోమవారం. వానలు నిలదొక్కుకున్నాయి. నీరు చల్లన.

పందిరి చుట్టేశాం. వచ్చే వేసవిదాకా దాని పని లేదు.

నన్ను తీసేస్తారనుకున్నాను. తీసేయలేదు. గట్టుకి ఇంకో డాక్టరు లేదు, రప్పించాలంటే ఓడ రెండుసార్లు తిరగాలి. రోగమొస్తే నా దగ్గరికే వస్తున్నారు. మొన్న దానయ్య గారి అల్లుడు తన పగడం చూపించడానికి తీసుకెళ్లాడు. మునుపైతే నేను మట్టి మెత్తుతుంటే వాళ్లు చేపలు చూస్తూ అటూ ఇటూ ఈదేవాళ్లు. ఇతను పక్కనే నిలబడ్డాడు. పగడాన్ని చూడడం లేదు. నా చేతులు చూస్తున్నాడు. కత్తి తీసినప్పుడు ఇంకొంచెం దగ్గరికి వచ్చాడు. అందరూ అంతే ఇప్పుడు.

గట్టుకాపరులలో తరళకి జత ఇంకా కుదరలేదు. అడిగినవాళ్లు లేరు. అది ఎండు గౌరిని వెళ్లి అడిగిందట. గౌరి నవ్వి, నాకు ఈ వయసులో ఎందుకమ్మా అందట. మళ్లీ అడుగుతానంది తరళ. నాతో కాదు, పోలమ్మప్పతో. నేను గోడకి ఇవతల ఉన్నాను.

ఇవాళ పొద్దున్న తరళ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో తడిబట్టలో చుట్టిన పగడం ముక్క. బొటనవేలంత. ఎవరిని అడిగింది, ఎవరిచ్చారు అని అడగబోయి ఊరుకున్నాను. అదే చెప్పింది, గౌరి ఇచ్చిందని. ఎండిపోయాక గౌరి మళ్లీ ఒకటి కట్టుకుందట ఎప్పుడో, ఎవరికీ చెప్పకుండా, గట్టు అవతలి అంచున. గట్టు వైద్యురాలిని నేను. నాకా సంగతి తెలీదు. అసలు చూడలేదు ఎప్పుడూ.

"కట్టడం నాకు రాదు," అంది తరళ. "నువ్వు కట్టు. మేము చూస్తాం."

మేము అంటే అది, పోలమ్మప్ప, గౌరి. నలుగురం దిగాం. నీళ్లు చల్లగా, తేటగా ఉన్నాయి. మొప్పసంచి నిండుగా ఊపిరిస్తోంది. రాయి తోమాను, చిన్న గుంట చేశాను, ముక్క నిలబెట్టాను. రంగు గోధుమరంగు, చివరలు తెల్లనివి. నీలం కాదు.

వాళ్లు ముగ్గురూ చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్నారు. ముడి వేస్తున్నంతసేపూ నా కూతురు నా ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చేతులనే చూసింది. నేను చేతులు దాచుకోలేదు. ప్రతి మెలికా మెల్లగా, దానికి కనబడేలా తిప్పి, కట్టాను.